గుఱ్ఱమునకు ప్రక్కయడుగు నేర్పుట



గుఱ్ఱము ముందునకు పరుగెత్తుటను మీలో చూడనివారుండరు. పెండ్లి ఊరేగింపులోనో, మైసూరు దసరా పండుగలోనో, ఉదకమండలపు చెఱువు గట్టుననో చూచియే యుందురు. కాని ముందునకు గాని వెనుకకు గాని పోక, కాలిమీదుగా కాలు దాటించుచు ప్రక్కకు నడచు గుఱ్ఱమును ఎందఱు చూచితిరి? ఎండ్రకాయకు అది పుట్టుకతో వచ్చిన నడక. గుఱ్ఱమునకు గూడ అవసరము వచ్చినపుడు అది తెలియును. పామును చూచి బెదరినచో ఒక్క గంతున ప్రక్కకు తొలగును. అయితే మనము కోరినపుడు, కోరినన్ని అడుగులు, బెదరక తొలగుట వేఱు. అది నేర్పవలసిన విద్య. రౌతు జీను నెక్కకమునుపే, నేలమీద నిలిచి, చేతితో నేర్పదగిన విద్య. ఆ పద్ధతిని మీకును మీ తల్లిదండ్రులకును తెలియజెప్పుటకే ఈ పాఠము.

"మాకు సైకిలే లేదు, గుఱ్ఱముల సంగతి మాకేల?" అని నవ్వకుడు. నాకును గుఱ్ఱము లేదు. ఈ విద్యపై నాకు శ్రద్ధ కలుగుటకు కారణము చిన్ననాడు తగిలిన ఒక దెబ్బ.

నా పదియవ యేట మా వీథి చివర జట్కాబండ్ల అడ్డ యుండెడిది. బడి విడిచిన పిమ్మట అచటి ముసలి సాహెబుగారికి చిన్న చిన్న పనులు చేసిపెట్టుట నాకు సంబరము. ఒకనాటి సాయంకాలము ఉడికించిన ఉలవల గంపను లాయములోనికి తీసికొనిపోవుచుండగా, గుఱ్ఱము ఒక ప్రక్కకు ఒరిగి నన్ను రాతిగోడకు అదిమివేసెను. అది కోపముతో చేసిన పని కాదు. ఈగను తోలుకొనుచు కాలు మార్చినది, అంతే. నేను ప్రాణభీతితో రెండు చేతులతో దాని డొక్కను త్రోసితిని. త్రోసినకొలది అది మఱింతగా నామీదికి వ్రాలెను. ఊపిరి అందలేదు. సాహెబుగారు పరుగెత్తి రాలేదు, కేకలు వేయలేదు. మెల్లగా దాని మెడప్రక్కకు వచ్చి, "తొయ్యకు నాయనా! నువ్వు తోస్తే అదీ తోస్తుంది" అనుచు, డొక్కమీద ఒకచోట చూపుడువ్రేలు ఆనించి కొంచెము ఒత్తెను. గుఱ్ఱము ఒక్క అడుగు అవతలకు జరిగెను. ఆయన వెంటనే వ్రేలు తీసివేసెను. నేను బయటపడితిని. ప్రక్కటెముకలు వారముదినములు నొచ్చినవి.

రెండువందల కిలోలకు పైబడిన జంతువు పిల్లవాని రెండు చేతులకు లొంగక, ముసలివాని ఒక్క వ్రేలికి లొంగుటకు కారణమేమి?

గుఱ్ఱపు చర్మము మిక్కిలి సున్నితమైనది. దానిపై ఒక ఈగ వ్రాలినను తెలియును. చర్మము క్రింద పలుచని కండరపు పొర యుండుటచే, ఈగ వ్రాలినచోటనే చర్మమును వణకించి దానిని తోలుకొనగలదు. కావున వ్రేలు ఆనించినను తెలియదేమోయని శంకింప బనిలేదు. తెలియుట వేఱు, అర్థమగుట వేఱు. ఏమియు నేర్వని గుఱ్ఱమును ఎడతెగక ఒత్తినచో అది ఒత్తిడినుండి తొలగుటకు మాఱు ఒత్తిడికెదురుగనే మొగ్గును. పగ్గము పట్టి లాగిన దూడ వెనుకకు తన్నిపట్టుట మీరు చూచియుందురు, ఇదియు అట్టిదే. "ఒత్తినపుడు తొలగవలెను" అను అర్థమును మనము దానికి నేర్పవలెను.

నేర్పుట యెట్లు? వ్రేలితో ఒత్తుట ఒక ప్రశ్న. గుఱ్ఱమునకు ఆ ఒత్తిడి కొంచెము చికాకు కలిగించును. చికాకు పోగొట్టుకొనుటకు అది ఏదో యొకటి చేయును: తల యెత్తును, ముందునకు నడచును, మనమీదికి మొగ్గును, లేదా కాలు ప్రక్కకు తీయును. ఏది చేసినపుడు ఒత్తిడి తొలగిపోయెనో, దానినే మరల చేయును. మనమీదికి మొగ్గినపుడు మనము భయపడి చేయి తీసికొంటిమా, మొగ్గుటయే పాఠమని నేర్చుకొనును. ప్రక్కకు అడుగు వేసిన తరువాతగూడ ఒత్తుచునే యుంటిమా, అడుగు వేసి ప్రయోజనము లేదని నేర్చుకొనును. గుఱ్ఱమునకు పాఠము చెప్పునది ఒత్తిన వ్రేలు కాదు, తీసిన వ్రేలు. అదియును సరియైన క్షణమున తీసిన వ్రేలు. రెండు మూడు సెకండ్లు ఆలస్యమైనచో, ఆ లోపల అది మఱొక పని చేసియుండును. మెప్పు ఆ రెండవ పనికి చెందిపోవును. నన్ను గోడకు అదిమిన గుఱ్ఱమును నేను త్రోసితినే గాని, త్రోయుట ఎపుడు మానవలెనో ఎఱుగను. సాహెబుగారి పనితనమంతయు ఆ మానుటలో నుండెను.

ఇక దాని దేహనిర్మాణమును కొంచెము చూతము. మీ మెడక్రింద, రొమ్మునకు పైన, ఇరుప్రక్కల అడ్డముగా నున్న ఎముకను తడవి చూచుకొనుడు. శాస్త్రపుస్తకములలో దానిని జత్రుక యందురు. మన భుజము దాని మూలముననే రొమ్మెముకకు తగులుకొని యున్నది. గుఱ్ఱమునకు ఆ యెముకయే లేదు. దాని ముందుకాళ్ళకును మొండెమునకును ఎముకతో కూడిన కీలు లేదు. ఉయ్యాలతొట్టిని రెండు స్తంభముల నడుమ వస్త్రముతో వ్రేలగట్టినట్లు, రొమ్ము రెండు ముందుకాళ్ళ నడుమ కండరములచే వ్రేలుచుండును. కావుననే ముందుకాలు రెండవదాని ముందుగా అడ్డముపడి దాటుటకు వీలు కలుగుచున్నది. వెనుకకాళ్ళ సంగతి వేఱు. అవి తుంటికీలుచే నడుమునకు గట్టిగా తగులుకొని యున్నవి. అయినను కొంతవఱకు ప్రక్కకు దాటగలవు. మోకాళ్ళు మొదలగు క్రింది కీళ్ళు మాత్రము ముఖ్యముగా ముందువెనుకలకు వంగుటకే ఏర్పడినవి. అందుచే ఈ నడకను పది పదునైదు అడుగులకు మించి చేయించుట, అందును లేతగుఱ్ఱముచేత చేయించుట, కీళ్ళకు హాని. నిలిచియున్న గుఱ్ఱపు బరువులో నూటికి సుమారు అఱువది పాళ్ళు ముందుకాళ్ళపైననే యుండునను సంగతిగూడ జ్ఞాపకముంచుకొనుడు. ముందుభాగమును జరుపుట వెనుకభాగమును జరుపుటకంటె ఎందుకు కష్టమో దానివలన తెలియగలదు.

కన్నుల విషయము గూడ ముఖ్యమే. తలకు ఇరుప్రక్కల కన్నులుండుటచే గుఱ్ఱము తన చుట్టును దాదాపు అంతయు, 360 డిగ్రీలలో సుమారు 350 డిగ్రీలవఱకు, చూడగలదు. సరిగా తోకవెనుకను, నుదుటికి ఎదురుగా మిక్కిలి దగ్గఱను మాత్రమే దానికి కనబడదు. ఆ రెండు చోట్లనే తెలియనివారు నిలుతురు! వెనుక నిలిచినవానిని తన్నును. ఎదుట నిలిచినవానిని త్రొక్కును. నేర్పువాడు భుజముప్రక్కనే, చేయిచాచినంత దూరములో, దాని డొక్కవైపు తిరిగి నిలువవలెను.

పనిముట్లు స్వల్పమే. తలకు తగిలించు మెత్తని పట్టీ యొకటి, దానికి నాలుగు మీటర్ల త్రాడు, ఒక సన్నని బెత్తము. బెత్తము కొట్టుటకు కాదు. చేయి అందనిచోట తాకుటకు. త్రాటిని చేతికి చుట్టుకొనరాదు, మడతలుగా పట్టుకొనవలెను. చుట్టుకొన్న త్రాటితో గుఱ్ఱము పరుగెత్తినచో వ్రేళ్ళు తెగును. కళ్ళెము ఈ పాఠమునకు అవసరమే లేదు. మన యూళ్ళలో ఒకప్పుడు మేకులవంటి మొనలున్న కళ్ళెములు నోట గ్రుచ్చి బండ్లు తోలెడివారు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ననుసరించి 1965లో చేయబడిన నిబంధనలు అట్టి మొనల కళ్ళెములను నిషేధించినవి. నిషేధమునకు తరువాతగూడ నోటినుండి నెత్తురు కారు గుఱ్ఱములను నేను చూచియుంటిని. ఆ బండివారు క్రూరులని నేననను. వ్రేలితో పని జరుగునని వారికెవరును చెప్పలేదు.

నేల చదునుగా నుండవలెను, జాఱుడు పనికిరాదు. ముందుగా గుఱ్ఱమును కొంతసేపు నడపింపుడు. మనము నడచిన నడచుట, నిలిచిన నిలుచుట దానికి బాగుగ వచ్చిన తరువాతనే ఈ పాఠము. చేతితో దేహమంతయు నిమిరి, ఎచట తాకినను బెదరకుండునట్లు చేయవలెను. డొక్కపై తాకినంతనే చెవులు వెనుకకు మడచి పండ్లు చూపినచో, ఆ దినమున పాఠము చాలును. అచట నొప్పి యున్నదేమో, జీను ఒఱసికొని పుండైనదేమో చూడవలెను. నొప్పిగల గుఱ్ఱము అవిధేయతతో అట్లు చేయుట కాదు, తనకు తెలిసిన భాషలో చెప్పుకొనుచున్నది.

మొదట వెనుకభాగము. ఎడమ భుజమువద్ద నిలిచి, ఎడమచేత త్రాటిని దాని గడ్డమునకు కొంచెము దూరమున పట్టి, తలను మనవైపు రవంత త్రిప్పుకొనవలెను. తల మనవైపు వచ్చినచో వెనుకభాగము అవతలకు పోవుట తేలిక. జీను బిగించు పట్టెడ ఉండు చోటికి జానెడు వెనుకగా, రేపు రౌతు మడమ తగులబోవు చోటున, కుడిచేతి వ్రేలికొనలతో మెల్లగా ఒత్తవలెను. మొదట ఈగ వ్రాలినంత. రెండు క్షణములు చూచి, కొంచెము ఎక్కువ. అప్పటికిని కదలనిచో, వ్రేలితో చిన్నగా తట్టుచుండవలెను. ఎడమ వెనుకకాలు లేచి కుడి వెనుకకాలికి ముందుగా దాటిన క్షణముననే చేయి తీసివేసి, మెడ నిమిరి, ఊరకుండవలెను. ఒక్క అడుగు చాలును. కాలు ముందుగా దాటుటకు మాఱు వెనుకగా దాటినచో, అది ప్రక్కకు పోవుట లేదు, వెనుకకు జంకుచున్నదని తెలిసికొనవలెను. అట్లయిన తలపైనున్న త్రాటిని వదులుచేసి, రెండడుగులు ముందునకు నడిపించి మరల ప్రారంభింపవలెను.

నడచుచున్నపుడు అడుగుట ఇంకను సులభము. ఎడమ వెనుకకాలు నేలనుండి లేవబోవు సమయమున ఒత్తినచో, లేచిన కాలును ప్రక్కకు వేయుట దానికి కష్టము కాదు. అదే కాలు నేలపై నూని బరువు మోయుచున్నపుడు ఎంత ఒత్తినను ఎత్తజాలదు. "మొండిగుఱ్ఱ"మని తిట్లు తినునవి పెక్కు ఈ తప్పునకు బలియైనవే. నడకలో గుఱ్ఱపు నాలుగు కాళ్ళును ఒకటి తరువాత ఒకటి నేల తాకును: ఎడమ వెనుకది, ఎడమ ముందుది, కుడి వెనుకది, కుడి ముందుది. కన్నులు మూసికొని డెక్కల చప్పుడు విని ఏది ఏ కాలో చెప్పగలుగువఱకు అభ్యసింపుడు. మా సాహెబుగారు బండిమీద కూర్చుండి, చూడకయే, "వెనక కుడికాలి లాడం వదులైంది" అనగలిగెడివారు.

పిమ్మట ముందుభాగము. ఇది నిదానముగా సాగును. తలను మనకు అవతలివైపు కొంచెము త్రిప్పి, ఒక చేయి దవడప్రక్కను, ఒక చేయి భుజముపైనను ఉంచి, అటు నడువబోవువానివలె మన దేహమును దానివైపు కదల్పవలెను. మన అడుగునకు అది తన భుజమును తొలగించును. ఎడమ ముందుకాలు కుడిదాని ముందుగా దాటవలెను. దాటకముందు అది పలుమాఱులు ముందునకు నడువజూచును, వెనుకకు పోజూచును, ఏమియు తోచక తలయూపును. వీనిలో దేనికిని కోపపడవలదు, దేనికిని చేయి తీయవలదు. బరువును కుడికాలిపైకి మార్చినను మొదటినాడు దానినే మెచ్చుకొని విడువవచ్చును.

ఈ రెండును వేఱువేఱుగా వచ్చిన తరువాత జతపఱచుట. గుఱ్ఱమును గోడకో కంచెకో ఎదురుగా, ముక్కునకును గోడకును మూరెడు ఎడముండునట్లు నిలుపవలెను. ముందుదారి మూసికొనిపోయినది గనుక మనము త్రాటిని లాగి ఆపవలసిన పనిలేదు. ఇపుడు భుజమును ఒక అడుగు, వెనుకభాగమును ఒక అడుగు, మరల భుజమును, మరల వెనుకభాగమును తొలగించుచు పోవలెను. తొలిదినములలో ఇది పాము ప్రాకినట్లుండును, నవ్వు పుట్టించును. కొన్నాళ్ళకు రెండు అడుగులును కలిసిపోయి, దేహమంతయు ఒక్కటిగా గోడవెంబడి జరుగును. ఆ దినమున ముల్లంగిముక్కయో, గుప్పెడు ఉలవలో ఇండు. ఉలవలకు ఇంగ్లీషువారు గుఱ్ఱపు పేరే పెట్టిరి గదా!

ఒకమాఱు పది పదునైదు నిమిషములకు మించి చెప్పరాదు. నేర్చునది నాలుక ఆడించి, తల దించి, దీర్ఘముగా నిట్టూర్చినచో పాఠమర్థమైనదని కొందఱు చెప్పుదురు. ఆందోళన తీఱినపుడు గూడ గుఱ్ఱము అట్లే చేయును. కావున దానిని చూచి మురిసిపోక, అంతకు ముందు మనము దానిని ఎక్కువగా కంగారు పెట్టితిమేమో యని ఆలోచించుకొనుట మేలు.

ఈ విద్య నిన్న మొన్నటిది కాదు. గ్రీకుదేశీయుడగు జెనొఫన్ క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దిలోనే అశ్వవిద్యపై గ్రంథము వ్రాసి, గుఱ్ఱమువద్దకు కోపముతో పోరాదని బోధించెను. ఇంగ్లండు దేశపు న్యూకాసిల్ ప్రభువు స్వదేశమున అంతర్యుద్ధమందు ఓడి ఆంట్‌వెర్పు పట్టణమున తలదాచుకొని, 1658లో ప్రకటించిన గ్రంథమున గుఱ్ఱమును వలయాకారముగా నడపుచు భుజమును లోపలికి వంచు అభ్యాసమును చెప్పెను. ఫ్రాన్సు దేశపు ల గెరినియేర్ 1733లో ప్రకటించిన గ్రంథమున దానిని వలయమునుండి తప్పించి, గోడవెంబడి తిన్నని బాటకు తెచ్చెను. గోడను సాయముగా తీసికొనుట యను ఆ చిన్న మార్పే ఆయనకు నేటివఱకు పేరు నిలిపినది. వియన్నా నగరమున 1735లో పూర్తియైన మందిరములో స్పానిష్ అశ్వవిద్యాలయమువారు నేటికిని ఆయన మార్గమునే అనుసరించుచున్నారు. అచట ఒకవైపు స్వారియు, ఒకవైపు నేలపై నిలిచి చేతితో నేర్పుటయు జరుగుచునే యుండును. ఆ విద్యను 2015లో యునెస్కో సంస్థ మానవజాతి వారసత్వములలో చేర్చినది.

మన దేశమున కల్యాణ చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దిలో సంస్కృతమున రచించిన మానసోల్లాసమునందు గుఱ్ఱములకును గుఱ్ఱపు క్రీడలకును చోటిచ్చెను. తెలుగున మనుమంచి భట్టు 'హయలక్షణ విలాసము' అను పద్యగ్రంథమునే రచించెను. తెలుగులో శాస్త్రవిషయములు వ్రాయుటకు మాటలు చాలవనువారికి ఆ గ్రంథము పేరైన చెప్పుడు.

హోసూరు ప్రాంతపు పిల్లలకు మత్తిగిరి పశుక్షేత్రము తెలియనిది కాదు. ఇపుడచట ఆవులను, గొఱ్ఱెలను చూచుచున్నారు గాని, 1824లో ఈస్టిండియా కంపెనీవారు దానిని నెలకొల్పినది సైన్యమునకు గుఱ్ఱములను పెంచుటకు. ఆ శతాబ్దిలోనే ఆస్ట్రేలియానుండి మదరాసు రేవునకు ఓడలపై గుఱ్ఱములు దిగెడివి. న్యూసౌత్ వేల్సునుండి వచ్చుటచే వానికి 'వేలరులు' అని పేరు. సముద్రము దాటి వచ్చిన బెదరుగుఱ్ఱమునకు వరుసలో నిలుచుట, ప్రక్కగుఱ్ఱమునకు చోటిచ్చి తొలగుట నేర్పనిదే అది సైన్యమునకు పనికిరాదు. నేడు యుద్ధమునకు గుఱ్ఱముల పని తీఱినది. అయినను 1953లో ఏర్పడిన 61వ అశ్వదళము మన సైన్యమున నేటికిని గుఱ్ఱములతో నిలిచియున్నది. నగరములలోని పోలీసు గుఱ్ఱములకు ఈ ప్రక్కయడుగు నిత్యావసరము. జనసమ్మర్దము నడుమ గుఱ్ఱము ముందునకు నడచినచో డెక్కలక్రింద మనుష్యులు పడుదురు. ప్రక్కకు నడచినచో డొక్క తగిలి జనము మెల్లగా వెనుకకు తగ్గును. బాణసంచా నడుమ పెండ్లికొమారుని మోయు గుఱ్ఱమునకు గూడ ఇది వచ్చియుండిన ఎంత బాగుండును! దాని చుట్టును చిన్నపిల్లలే కదా మూగుదురు.

ఒక హెచ్చరిక. ఇది చదివి పిల్లలు ఒంటరిగా ఎవరి గుఱ్ఱమువద్దకును పోరాదు. గుఱ్ఱము నెఱిగిన పెద్దవారు ప్రక్కన నుండవలెను.

ఇక మిగిలినది రెండవ ప్రక్క. గోడప్రక్క నలిగిన నెలకు సాహెబుగారు నాచేత వ్రేలు పెట్టించిరి. పదునొకండు దినములకు ఎడమవైపునుండి నేను వ్రేలు చూపినంతనే ఆ గుఱ్ఱము జరుగుచుండెను. గర్వముతో కుడివైపునకు పోయి ఒత్తితిని. అది కదలలేదు, నన్నెన్నడును చూడనట్లు తల త్రిప్పి చూచినది. గుఱ్ఱపు మెదడులో కుడియెడమలకు సంబంధము లేదని కొందఱు చెప్పుమాట నిజము గాదు. రెండు భాగములను కలుపు నరములు దానికిని ఉన్నవి. అయితే కుడివైపునుండి దానికి కనబడు దృశ్యము వేఱు, దాటవలసిన కాలు వేఱు, మోయవలసిన కండరము వేఱు, ఒత్తు చేయియు వేఱు. నా ఎడమచేయి కుడిచేతివలె నేర్పుగలది కాదు. తీయవలసిన క్షణమును తప్పుచుండెను. "నీ చెయ్యి నేర్చుకున్నాక అదీ నేర్చుకుంటుందిలే" అని సాహెబుగారు బీడీ ముట్టించుకొని అరుగుమీద కూర్చుండిరి. నేను మరునాడు మొదటి అడుగునుండి మరల ప్రారంభించితిని. ఆ ప్రక్కకు పందొమ్మిది దినములు పట్టినది.